మేడ మీద ఎగిరే కెమెరా: మధురవాడ తండ్రి ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖలోని మధురవాడలో ఉండే ఒక తండ్రి అడిగారు. ఇంటర్ చదువుతున్న వారి అబ్బాయి 2021లో కొన్న 249 గ్రాముల డ్రోన్‌ను సాయంత్రం పూట తమ అపార్ట్‌మెంట్ మేడ మీద నుంచి ఎగరేస్తున్నాడు. ఎదురు అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు వచ్చి, మళ్లీ ఎగిరితే పోలీసు ఫిర్యాదు ఇస్తామన్నారు. "మా వాడు కొండలూ సముద్రమే తీస్తాడు, ఇళ్లలోకి చూడడు. చట్టం మా వైపు ఉందా, వాళ్ల వైపు ఉందా? కొత్త చట్టం వస్తే ఈ సరదాకు చోటు ఉంటుందా?" అని అడిగారు.

నేను ఈ ఊళ్లోనే రిమోట్ విమానాలు తయారుచేసి ఎగరేయడంతో మొదలుపెట్టి, ఇప్పుడు భూముల సర్వేకు డ్రోన్ నడిపి బతుకుతున్నాను. అందుకే మీ అబ్బాయి మీద నాకు ప్రేమ ఉంది. ఎదురింటి వాళ్ల భయం మీద గౌరవం కూడా ఉంది. రెండూ దాచకుండా రాస్తాను.

ముందు నియమాల సంగతి, త్వరగా. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు యంత్రాలను బరువును బట్టి విడదీశాయి. 250 గ్రాముల వరకు నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, టైప్ సర్టిఫికెట్ (కంపెనీ నమూనాకు ఇచ్చే ధ్రువపత్రం) అక్కర్లేదు, థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి కాదు. మైక్రోను సంపాదన కోసం కాకుండా సరదాకు ఎగరేస్తే దానికీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండాలి కాబట్టి, మీ అబ్బాయి వయసుకు ఈ మినహాయింపు పెద్ద వరం. అయితే మినహాయింపు అంటే అన్నిటినుంచీ కాదు. విశిష్ట గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, దానికి రుసుము 100 రూపాయలు. నియమం తప్పితే జరిమానా లక్ష రూపాయల వరకు వెళ్లవచ్చు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు. మీది అంతకు ముందు బిల్లుతో కొన్నది కాబట్టి ఆ బిల్లును భద్రంగా ఉంచుకోండి. ఆ తేదీ తర్వాత బంధువుల సూట్‌కేసులో వచ్చిన యంత్రాల గురించి కొందరు నన్ను అడుగుతుంటారు. వాటికి నేను అడ్డదారులు చెప్పను.

ఎక్కడ ఎగరేయవచ్చన్నది విశాఖలో చాలా ముఖ్యం. ప్రభుత్వం డ్రోన్ల కోసం ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చగా కనిపించే చోట 400 అడుగుల వరకు, అంటే సుమారు 120 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ హద్దు 200 అడుగులే. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగ అనే వైమానిక స్థావరంలో ఉంది. దానికి దగ్గరగా ఉన్న ఎన్ఏడీ కూడలి, గాజువాక లాంటి చోట్ల ఎగరేసే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. దీనికి తోడు, 2021లో నౌకాదళం తన స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల మేర డ్రోన్లను నిషేధించింది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు ఇది. రామకృష్ణ బీచ్, డాల్ఫిన్స్ నోస్, యారాడ వైపు ఫొటోలు ఎంత అందంగా వచ్చినా అక్కడ యంత్రం బయటికి తీయకూడదు.

ఇంకొకటి కొత్తవాళ్లు తరచూ పొరబడే చోటు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడగానే ఎవరికైనా పైనుంచి చూడాలనిపిస్తుంది. ఆ పక్కనే ఐఎన్ఎస్ కళింగ అనే నౌకాదళ స్థావరం ఉంది. దిబ్బల అందం చూసి వెళ్లిన కుర్రాళ్లకు ఆ సంగతి తట్టదు. మధురవాడ విమానాశ్రయానికి 12 కిలోమీటర్ల కంటే దూరంగానే ఉంది కాబట్టి ఆ లెక్కలో మీకు ఇబ్బంది లేదు. అయినా ఎగరేసే ప్రతిసారీ పటం తెరిచి చూడమనండి. రంగులు మారుతుంటాయి. భీమిలి దాటి భోగాపురం వైపు వెళ్తే, అక్కడి కొత్త విమానాశ్రయం లెక్క కూడా చూసుకోవాలి.

ఇంతవరకు ఆకాశం సంగతి. ఎదురింటి వాళ్ల బాధ ఆకాశం గురించి కాదు. ఇక్కడే నేను కాస్త ఆగి చెప్పాలి.

కొన్నేళ్ల కింద వేసవిలో ఆనందపురం వైపు ఒక లేఅవుట్ కొలతకు వెళ్లాను. ఉదయం ఎనిమిది దాటింది. యంత్రాన్ని పైకి లేపి, ఒక డాబా ఇంటి పక్కన పాతిక మీటర్ల ఎత్తులో నిలిపాను. ఉపగ్రహాల సంకేతం స్థిరపడే వరకు ఆగుదామని నా ఉద్దేశం. ఆ డాబా మీద ఒకావిడ పాత చీర పరిచి, గిన్నెలో పిండి పెట్టుకుని వడియాలు పెడుతున్నారు. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. మోత వినబడగానే తలెత్తి చూశారు. పైట సర్దుకున్నారు. ఒక్క క్షణం ఏం చేయాలో తోచనట్టు నిలబడి, గిన్నె అక్కడే వదిలేసి గబగబా మెట్లు దిగి లోపలికి వెళ్లిపోయారు. సగం చీర మీద వడియాలు వరసగా ఉన్నాయి, మిగతా సగం ఖాళీ. నేను తెర మీద ఉపగ్రహాల సంఖ్య చూస్తున్నాను తప్ప ఆవిడను చూడలేదు. సాయంత్రం రికార్డింగు వేసి చూసుకున్నప్పుడు ఇదంతా కనిపించింది. పిండి గిన్నె దగ్గరికి కాకి రావడం కూడా.

మర్నాడు వెళ్లి క్షమాపణ చెప్పాను. నేను ఇళ్లు తీయడం లేదనీ, లేఅవుట్ హద్దులు కొలుస్తున్నాననీ, ఆ వీడియో చెరిపేశాననీ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "మీరు తీశారో లేదో కింద ఉన్న నాకెలా తెలుస్తుంది బాబూ?" అన్నారు.

డ్రోన్ గోప్యత మీద ఇన్నేళ్లలో నేను విన్న మాటల్లో నాకు సమాధానం దొరకనిది ఇదొక్కటే. వీధిలో ఎవరైనా ఫోను ఎత్తి మీ వైపు పెడితే తెలుస్తుంది. ఆ మనిషి ముఖం చూడవచ్చు, "ఏమయ్యా" అని అడగవచ్చు. పైన మోగుతున్న యంత్రానికి ముఖం లేదు. ఎవరిదో తెలియదు, ఎటు చూస్తోందో తెలియదు, రికార్డు చేస్తోందో లేదో అసలే తెలియదు. మీ అబ్బాయి ఎంత మంచివాడైనా ఆ మంచితనం 249 గ్రాముల ప్లాస్టిక్ మీద రాసి ఉండదు.

నిజానికి ఆ కెమెరా ఎంత చూస్తుందో లెక్క వేయవచ్చు. ఎదురింటి వాళ్ల భయంలో కొంత ఈ లెక్క తెలియకపోవడం వల్లనే. మామూలు చిన్న డ్రోన్లకు ఉండేది వెడల్పాటి లెన్సు, ఫొటోగ్రాఫర్ల భాషలో 24 మిల్లీమీటర్లకు సమానం. అది 120 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందికి చూస్తే సుమారు 180 మీటర్ల వెడల్పు నేల పడుతుంది. 4కె వీడియోలో అడ్డంగా 3840 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. అంటే ఒక్కో చుక్కకు నేల మీద దాదాపు 4.7 సెంటీమీటర్లు. మనిషి ముఖం వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ ముఖం మూడు చుక్కలు. కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. అదే యంత్రం 30 మీటర్ల దూరానికి వస్తే ముఖానికి 13 చుక్కలు వస్తాయి. తెలిసినవాళ్లు నడకను బట్టో చీరను బట్టో పోల్చుకుంటారు. పది మీటర్లకు వస్తే దాదాపు 38 చుక్కలు. అప్పుడు ముఖం ముఖంగానే కనిపిస్తుంది. మూడు రెట్లు దగ్గరకు లాగే జూమ్ లెన్సు ఉన్న యంత్రమైతే, 30 మీటర్ల దూరం నుంచే ఆ పది మీటర్ల పని చేసేస్తుంది.

ఈ లెక్కలో బరువు ఎక్కడా రాలేదు, గమనించండి. మన నియమాలు తూకం వేస్తున్నవి పడితే తల పగలగొట్టే బరువును. అది అవసరమే, ప్రాణరక్షణ కాబట్టి. కానీ డాబా మీది ఆవిడకు తగిలింది బరువు కాదు. 249 గ్రాముల యంత్రం కిటికీ పక్కన రెండు నిమిషాలు నిలబడితే కలిగే నష్టం, 20 కిలోల వ్యవసాయ డ్రోన్ పొలం మీద రోజంతా మందు చల్లినా కలగదు. ఐరోపా సమాఖ్య నియమాల్లో ఈ ఆలోచన కొంత ఉంది. అక్కడ 250 గ్రాముల లోపు డ్రోన్ అయినా, బొమ్మ కాకుండా, మనుషుల సమాచారం పట్టగల కెమెరా ఉంటే దాన్ని నడిపే వ్యక్తి నమోదు చేసుకోవాలి. కెమెరా లేని చిన్న యంత్రానికి ఆ పని లేదు. నాకు ఇది సబబుగా తోస్తుంది.

ఇక మన చట్టం ఆ ఆవిడకు ఏమిచ్చింది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. గొప్ప తీర్పు, కానీ ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. పక్కింటి కుర్రవాడి మీద ఆ తీర్పు పట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్తే పని జరగదు. భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉంది. స్త్రీ తన ఏకాంతంలో, ఎవరూ చూడరనుకునే పరిస్థితిలో ఉండగా చాటుగా చూడడం, చిత్రించడం నేరం. మొదటిసారి అయినా ఏడాది నుంచి మూడేళ్ల జైలు. సమాచార సాంకేతిక చట్టంలో 66ఇ సెక్షన్ కూడా అనుమతి లేకుండా ఒంటి మీది రహస్య భాగాలను చిత్రిస్తే మూడేళ్ల వరకు శిక్ష చెబుతోంది. ఇవి గట్టి సెక్షన్లు. స్నానాల గది కిటికీ దగ్గరికి డ్రోన్ పంపినవాడి మీద నిస్సందేహంగా వాడాలి. అలాంటివాడిని హాబీ పేరుతో వెనకేసుకొచ్చే వాళ్లలో నేను లేను.

కానీ వడియాలు పెట్టుకోవడం ఆ సెక్షన్ల కిందికి రాదు. జుట్టు ఆరబెట్టుకోవడం, పసిబిడ్డను ఎండలో పడుకోబెట్టడం, మేడ మీద ముసలాయన బనీను లేకుండా కూర్చోవడం, ఏదీ రాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది కదా అంటారు కొందరు. వ్యక్తులు తమ సొంత, ఇంటి అవసరాలకు చేసుకునే పనికి అది వర్తించదు. 2021 డ్రోన్ నియమాల్లో గోప్యతకు ప్రత్యేక అధ్యాయమే లేదు. అంటే ఒకవైపు విమానయానం నియమాలు, ఇంకోవైపు ఘోర నేరాల సెక్షన్లు. మనకు రోజూ ఎదురయ్యే ఇబ్బంది ఈ రెంటికీ నడుమ, ఎవరూ పట్టించుకోని చోట పడి ఉంది. మీ ఎదురింటి సంఘం వాళ్లు కోపంగా రావడానికి కారణం ఇదే. వాళ్లకు అడగడానికి చిన్న మాట లేదు, పోలీసులు అనే పెద్ద మాట ఒక్కటే ఉంది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: పటం ఆకుపచ్చగా ఉండి, గుర్తింపు సంఖ్య తీసుకుని, 120 మీటర్లు దాటకుండా, ఇళ్లలోకి చూడకుండా ఎగరేస్తే చట్టం ప్రకారం మీ అబ్బాయి తప్పు చేయడం లేదు. ఎదురింటి వాళ్లు అడుగుతున్నదీ తప్పు కాదు.

కొత్త చట్టం గురించి అడిగారు. 2025 సెప్టెంబరులో పౌర విమానయాన శాఖ ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసి అభిప్రాయాలు కోరింది. నేనూ రాసి పంపాను. నమోదు, టైప్ సర్టిఫికెట్, బీమా లాంటివి విస్తృతంగా తప్పనిసరి చేయడం, కొన్ని ఉల్లంఘనలకు జైలుశిక్ష పెట్టడం, యంత్రాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఇవ్వడం అందులో ఉన్నాయి. దేశభద్రత కోసం కొన్ని కఠినమైన నియమాలు కావాలని నౌకాదళం ఉన్న ఊళ్లో పుట్టిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో బాంబులు వేశారు. ఆ భయం నిజమైనది. కానీ థర్మోకోల్ రెక్కలకు మోటారు అతికించి, కెమెరా కూడా లేకుండా ఎగరేసే పదో తరగతి పిల్లవాడికి టైప్ సర్టిఫికెట్ ఎవరిస్తారు? కంపెనీ తయారుచేసిన నమూనాకు ఇచ్చే పత్రం అది. ఇంట్లో చేసిన ప్రతి యంత్రమూ ఒక్కటే ఉంటుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. ఈ ఊళ్లో నాకు తెలిసిన మంచి డ్రోన్ ఇంజినీర్లలో చాలామంది అలాంటి థర్మోకోల్ రెక్కలతోనే మొదలుపెట్టారు. నేనూ అంతే.

అంతకంటే నన్ను బాధించేది ఇది: అంత కఠినంగా చేసినా డాబా మీది ఆవిడ ప్రశ్నకు జవాబు రాదు. సర్టిఫికెట్ ఉన్న యంత్రం కూడా వడియాల పక్కన నిలబడగలదు. నా యంత్రానికి ఆ రోజు అన్ని కాగితాలూ ఉన్నాయి.

నేను రాసి పంపిన దానిలో అడిగింది మూడు సంగతులు. సరదాకు ఎగరేసేవాళ్లు నివాసాల మీద, ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటే తప్ప, 30 మీటర్ల కంటే కిందికి దిగి నిలపకూడదని సూటిగా రాయాలి. పైన చెప్పిన చుక్కల లెక్కే దానికి ఆధారం. ఆ నియమం తప్పినవాడికి జైలు కాకుండా, ట్రాఫిక్ చలానా లాగా త్వరగా పడే జరిమానా ఉండాలి. గోరుతో పోయేదానికి గొడ్డలి తెస్తే పోలీసులూ వాడరు, బాధితులూ అడగరు. మూడోది, ప్రతి నగరంలో కొన్ని మైదానాలను ఎగరేసే చోట్లుగా ప్రకటించాలి. పిల్లలకు క్రికెట్ మైదానం లేకపోతే వీధిలో ఆడతారు, కిటికీ అద్దాలు పగులుతాయి. ఇదీ అంతే. విశాఖలో సగం ఊరు విమానాశ్రయం వల్ల, నౌకాదళం వల్ల, రేవు వల్ల మూసుకుపోయింది. మిగిలిన సగంలో కుర్రాళ్లకు దొరికేది సొంత మేడే.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను.

మేడ మీద నుంచి ఎగరేయడం ఆపించండి. చట్టం ఒప్పుకున్నా సరే. మేడ మీద నుంచి లేచిన యంత్రం మొదటి అర నిమిషం ఎదురింటి మేడలకూ కిటికీలకూ సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆ అర నిమిషమే వాళ్లు చూస్తున్నారు. మీ వాడు తర్వాత పడమటి వైపు తిరిగి అద్భుతమైన సూర్యాస్తమయం తీశాడన్నది వాళ్లకు కనబడదు. ఊరి బయట ఖాళీ స్థలానికి, స్థలం వాళ్లను అడిగి, పటం చూసుకుని తీసుకెళ్లండి. సెలవు రోజున మీరూ వెంట వెళ్లండి. యంత్రం కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలి. యంత్రం తనంతట తాను బయల్దేరిన చోటికి తిరిగివచ్చే ఎత్తును అక్కడి చెట్ల కంటే, కరెంటు తీగల కంటే ఎక్కువగా పెట్టమనండి. గద్దలు పైకి వస్తే దింపేయాలి, వాటితో పందెం వద్దు. సముద్రం దగ్గరలో ఉదయం పూట గాలి తరచూ నేల నుంచి నీళ్ల వైపు వీస్తుంది. వెళ్లేటప్పుడు హాయిగా వెళ్లి, వచ్చేటప్పుడు బ్యాటరీ చాలక నీళ్లలో పడినవి నాకు తెలిసినవే మూడున్నాయి. సగం బ్యాటరీ ఉండగానే వెనక్కి తిప్పాలి.

యంత్రం మీద గుర్తింపు సంఖ్య, కింద మీ ఫోను నంబరు స్పష్టంగా రాయండి. ఎగరేసేటప్పుడు అబ్బాయి ఎక్కడో మూల నిలబడకుండా అందరికీ కనిపించే చోట నిలబడాలి. మెడలో దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు పట్టీ వేసుకుంటే ఇంకా మంచిది. ఎవరైనా వచ్చి అడిగితే వెంటనే కిందికి దింపి మాట్లాడాలి. "నాకు హక్కుంది" అన్న మాటతో మొదలుపెట్టవద్దని గట్టిగా చెప్పండి. యంత్రానికి ముఖం లేదు కాబట్టి, దాన్ని నడిపేవాడే తన ముఖం చూపించాలి.

ఎదురింటి సంఘం వాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి, వాళ్లు రెండోసారి రాకముందే. అబ్బాయిని వెంట తీసుకెళ్లండి. మేడ మీద నుంచి ఇక ఎగరేయడని ముందే చెప్పేయండి, ఆ తర్వాతే మిగతా మాటలు. వాళ్లు ఒప్పుకుంటే ఒక ఆదివారం పొద్దున వాళ్లలో ఇద్దరు ముగ్గురిని మైదానానికి పిలవండి. ముఖ్యంగా ఆడవాళ్లను పిలవండి, భయపడేది వాళ్లు కాబట్టి. సంఘం అధ్యక్షుడు ఒక్కడే వచ్చి చూసి వెళ్తే చాలదు. రిమోట్ తెర వాళ్ల చేతికి ఇచ్చి, యంత్రాన్ని వాళ్ల తల మీదే 120 మీటర్లకు లేపి, తర్వాత 60కి, 30కి, పదికి దింపి చూపించమనండి. తమ ముఖం ఏ ఎత్తులో చుక్కగా ఉందో, ఏ ఎత్తులో ముఖంగా మారిందో వాళ్లే చూస్తారు. కొందరికి భయం తగ్గుతుంది. పది మీటర్ల దగ్గర కొందరికి పెరుగుతుంది, అదీ న్యాయమే. 30 కంటే కిందికి ఎందుకు దిగకూడదో మీ అబ్బాయికి ఆ రోజు నేను రాసిన దానికంటే బాగా అర్థమవుతుంది.

అక్కడికి వెళ్లే ముందు ఇంకొక పని. ఇంతవరకు మేడ మీద నుంచి తీసిన వీడియోలన్నీ ఫోనులో, మెమరీ కార్డులో ఉండే ఉంటాయి. ఎదురు మేడలు కనిపించే ముక్కలు వేరు చేయించండి. వాటిని ఇంట్లో కూర్చుని చెరిపేయవద్దు. సంఘం వాళ్లను కలిసినప్పుడు తెర వాళ్ల వైపు తిప్పి, ఏమి పడిందో చూపించి, వాళ్ల ఎదురుగానే ఒక్కొక్కటీ చెరిపేయమనండి. నేను ఆ ఆవిడ దగ్గరికి వెళ్లేసరికే చెరిపేసి వెళ్లాను. అందుకే నా మాట తప్ప ఆవిడకు చూపించడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.